టాయ్ హాలర్ గ్యారేజీలో సోఫా బెడ్: 64 అంగుళాల బండి, ఆరుగురు మనుషులు

టాయ్ హాలర్ అంటే వెనక భాగం గ్యారేజీ, ముందు భాగం ఇల్లులా ఉండే, పికప్ ట్రక్కుకి తగిలించి లాగే క్యాంపర్. వెనక గోడే తలుపు. దాన్ని కిందికి దించితే ర్యాంపు అవుతుంది. దాని మీదుగా ఇసుకలో, మట్టిలో తోలే ఏటీవీనో, పక్కపక్క సీట్లుండే సైడ్-బై-సైడ్ బండినో ఎక్కించి, చేరాల్సిన చోట దించేసి, ఖాళీ అయిన గ్యారేజీని రాత్రికి పడకగదిగా వాడుకుంటారు. నేను డాలస్ శివార్లలో ఇలాంటి క్యాంపర్ల లోపలి మార్పులు, రిపేర్లు చేస్తుంటాను. గ్యారేజీలో సోఫా బెడ్ వేయించుకోవాలని వచ్చేవాళ్లు చాలామంది. అందరూ అడిగేది ఒకటే: పడుకుంటే మెత్తగా ఉంటుందా? నేను తిరిగి అడిగేది వేరు. బండి లోపల ఉన్నప్పుడు ఆ సోఫా ఎక్కడ ఉంటుంది, ఎంత మందం ఉంటుంది, ఎంత బరువు ఉంటుంది? ఈ కేసులో మొత్తం పని ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

క్లయింటు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే ఖమ్మం కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు, విజిటర్ వీసా మీద వచ్చిన ఆయన అమ్మానాన్నలు. వీళ్లు వెళ్లేది ఎక్కువగా ఓక్లహోమాలో వేనోకా దగ్గరున్న లిటిల్ సహారా స్టేట్ పార్కుకి. దాదాపు 1,600 ఎకరాల ఇసుక దిబ్బలు. వాళ్ల బండి పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ ఎక్స్‌పీ 1000, రెండు సీట్లది. వెడల్పు 64 అంగుళాలు, పొడవు 119 అంగుళాలు. పెట్రోలు, స్పేర్ టైరు, పిల్లల హెల్మెట్లతో సహా దాదాపు 1,500 పౌండ్లు.

క్యాంపర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు గ్యారేజీలో ఎదురెదురుగా రెండు సోఫాలు, పైన సీలింగుకి ఎక్కే కరెంటు మంచం ఉండేవి. పాత యజమాని అవన్నీ పీకేశాడు. గోడలకు మంచం ఎక్కే పట్టాలు (రైళ్లు) బిగించిన గుర్తులు, ఖాళీ నేల మిగిలాయి. గ్యారేజీకీ వంటింటికీ మధ్య గోడ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆయన నా దగ్గరికి వచ్చేసరికే ఆన్‌లైన్లో ఒక సోఫా బెడ్ కొనేశాడు. ఇంట్లో వాడే రకం: ఇనుప ఫ్రేము, లోపలి నుంచి లాగితే బయటికొచ్చే పరుపు, బరువు 180 పౌండ్లు. "అన్నా, నాలుగు బోల్టులు వేసి నేలకి బిగిస్తే చాలు" అన్నాడు. టేపు తీసి కొలిచి చూపించాను. గ్యారేజీ లోపలి వెడల్పు గోడ నుంచి గోడకి 95 అంగుళాలు. మడిచిన సోఫా లోతు 38. పక్క గోడకు వేస్తే మిగిలేది 57, బండికి కావాల్సింది 64. సరే, అడ్డంగా వంటింటి వైపు వేద్దామన్నాడు. ర్యాంపు నుంచి వంటింటి అరల దాకా 13 అడుగులు, అంటే 156 అంగుళాలు. అందులో 38 తీసేస్తే 118. బండి 119. ఒక్క అంగుళానికి ర్యాంపు మూసుకోదు. ఒకవేళ మూసుకున్నా నేను బిగించేవాణ్ని కాదు. ఎందుకంటే అలా పెడితే బండి పూర్తిగా వెనక్కి జరుగుతుంది, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

బరువు లెక్క

క్యాంపర్‌ను పికప్‌కి తగిలించినప్పుడు దాని ముక్కు పికప్ హిచ్ (ట్రైలర్ తగిలించే అమరిక) మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. ఇలా వెనక హిచ్‌కి తగిలించే ట్రైలర్లలో అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగుతుంది. పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్లినా, దిగుడు రోడ్డులో స్పీడు పెరిగినా ఆ ఊపు డ్రైవరు చేతిలో ఉండదు. టాయ్ హాలర్‌లో ఇబ్బంది ఏమిటంటే గ్యారేజీ ఇరుసుల వెనక ఉంటుంది. అక్కడ పెట్టిన ప్రతి పౌండూ ముక్కును పైకి లేపుతుంది. అందుకే వీటిని ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు బరువుగా ఉండేలా తయారుచేస్తారు.

పని మొదలుపెట్టే ముందు ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాను. పది పదిహేను డాలర్ల ఖర్చుకి వెనకాడి చాలామంది ఈ పని చేయరు. గ్యారేజీ ఖాళీగా, ఇంటి సామాను, నీళ్లతో: మొత్తం 7,300 పౌండ్లు, టంగ్ 1,240. బండి ఎక్కించాక: మొత్తం 8,800, టంగ్ 820. అంటే 9.3 శాతం. ఏ సోఫా పెట్టకముందే పదికి కిందికి వచ్చేసింది!

హిచ్ నుంచి ఇరుసుల మధ్యకి 18 అడుగులు. ఇరుసుల నుంచి అయిదడుగులు వెనక 180 పౌండ్ల సోఫా పెడితే 180ని 5తో గుణించి 18తో భాగించండి: ముక్కు మీద ఇంకో 50 పౌండ్లు తగ్గుతాయి. 8.6 శాతం. అంతకుముందు ఆ కుటుంబం ఇదే బండితో వెళ్లొచ్చింది. ట్రైలర్ కొంచెం ఊగేదని, గాలి వల్లేమో అనుకున్నామని ఆయన అప్పుడు చెప్పాడు. ఓక్లహోమాలో గాలి నిజంగానే ఎక్కువ. కానీ ఆ గాలికి తట్టుకోవాలంటే ముక్కు బరువుండాలి.

ఆ 180 పౌండ్ల సోఫా వాపసు పోయింది.

ఎవరు ఎక్కడ పడుకుంటారు

సోఫా రకం ఎంచేముందు దీన్ని తేల్చాలి. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు. బాత్‌రూమ్ ముందు బెడ్‌రూమ్ పక్కనే ఉంది. కాబట్టి ఆ గది పెద్దవాళ్లకే అని ఇంటావిడ ముందే తేల్చేసింది. పిల్లలిద్దరూ డైనింగ్ టేబుల్ దించితే వచ్చే మంచం మీద సర్దుకుంటారు. గ్యారేజీలో పడుకునేది భార్యాభర్తలు. పగలు మాత్రం అందరూ కూర్చునేది అక్కడే, ర్యాంపు తలుపు తెరుచుకుని దిబ్బల వైపు చూస్తూ.

పైకి ఎక్కే కరెంటు మంచం మళ్లీ పెట్టించుకోవచ్చు కదా అని ఆయన అడిగాడు. పెట్టొచ్చు, మంచం బండికి పైన వేలాడుతుంది కాబట్టి నేల మీద చోటు తినదు. కానీ రైళ్లు, మోటారు, మంచం కలిపి ఆ బరువంతా మళ్లీ ఇరుసుల వెనకే. పైగా ఖర్చు. నేను వద్దన్నాను.

జాక్‌నైఫ్ సోఫా, అంటే వెనక దిండు పడుకోబెడితే మంచమయ్యేది, మంచి సరుకే. కానీ మడిచినా దాదాపు మూడడుగుల లోతు ఉంటుంది. ఇరుకైన గ్యారేజీకి అది సరిపోదు. గాలి పరుపుతో మూడు మడతల సోఫాలు ఇంకా బరువు. చివరికి మిగిలింది గోడకు కబ్జాలతో బిగించి పైకి మడిచే బెంచి సోఫా. కూర్చునేటప్పుడు 30 అంగుళాల లోతు, పైకి మడిస్తే గోడ నుంచి 11 అంగుళాలే ముందుకొస్తుంది.

రెండు వైపులా అలాంటివే వేస్తే 95లోంచి 22 పోగా 73 మిగులుతుంది. బండికి ఇరువైపులా నాలుగున్నర అంగుళాలు. బండి ఎక్కుతుంది, నడిపినవాడు దిగలేడు. ముందు బానెట్ మీదుగా పాకి దిగేవాళ్లున్నారు. కుర్రాళ్లయితే చేస్తారు. ఇంటావిడ కూడా బండి నడుపుతుంది, ఆవిడ చీరలో ఉన్న రోజు ఏం చేయాలి? అందుకని ఒక వైపే గోడకు బిగించాం. రెండోది విడి బెంచి. అల్యూమినియం ఫ్రేము, కాళ్లు మడుచుకుంటాయి, 25 పౌండ్లు. ప్రయాణంలో దాన్ని పికప్ వెనక ట్రేలో కట్టేస్తారు. అప్పుడు గ్యారేజీలో 84 అంగుళాలు దొరుకుతాయి. బండిని సోఫా వైపు జరిపి పెడితే డ్రైవరు పక్కన 16 అంగుళాల చోటు. తలుపు సగం తెరుచుకుంటుంది, పక్కకు తిరిగి మామూలుగా దిగొచ్చు.

రాత్రికి రెండు బెంచీలూ ఎదురెదురుగా, మధ్య 35 అంగుళాల ఖాళీలో టేబుల్ పలకను దించి దాని మీద దిండు పరిస్తే 95 అంగుళాల పొడవు, 68 వెడల్పు ఉన్న మంచం. క్వీన్ సైజు కన్నా పెద్దది. క్యాంపర్‌కి అడ్డంగా పడుకోవాలి, అంతే.

బిగింపు

ఈ క్యాంపర్ల గోడ చూడ్డానికి గట్టిగా ఉంటుంది. లోపల మాత్రం పల్చటి ప్లైవుడ్, దాని వెనక ఫోమ్, అక్కడక్కడా అల్యూమినియం పట్టీలు. ప్లైవుడ్‌లో స్క్రూ వేస్తే మనిషి కూర్చున్న నెల రోజులకే ఊడొస్తుంది. మనకి కలిసొచ్చింది పాత మంచం రైళ్ల చోటు. కంపెనీవాళ్లు ఆ రైళ్ల కోసం గోడ లోపల గట్టి ఆధారం పెట్టి ఉంటారు. బెంచి కబ్జాలను ఆ లైనులోనే పెట్టాను. కానీ ఆ చోటు నుంచి 14 అంగుళాలు ముందుకు జరపాల్సి వచ్చింది. ఒక వైపు కబ్జా ఆధారం దాటిపోయింది. అక్కడ రెండు పట్టీలను కలుపుతూ అల్యూమినియం ప్లేటు వేసి బోల్టు చేశాను.

ఎందుకు జరిపానంటే గ్యారేజీ గోడలకు కింద, నేలకు దగ్గరగా చిన్న గాలి రంధ్రాలుంటాయి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. అది బయటికి పోవడానికే ఆ రంధ్రాలు. చాలామంది చలికో దుమ్ముకో వాటికి టేపు అంటిస్తారు. సోఫా కొనేవాళ్లు తెలియకుండా దాని వెనక దాచేస్తారు. ఇక్కడ కూడా ముందు గీసిన చోట బెంచి వేస్తే రంధ్రం సరిగ్గా దిండు వెనకపడేది. పాత యజమాని అంటించిన టేపును పీకేశాను. వాళ్లు దుమ్ము వస్తుందన్నారు. వస్తుంది. ఇసుక దిబ్బలకి వెళ్లేవాళ్లకి దుమ్ము గురించి నేను చెప్పాల్సింది లేదు.

అత్యవసరంగా తెరుచుకునే కిటికీ కూడా ఇదే లెక్క. ఈ మోడల్లో ర్యాంపు గొళ్లేలు బయటి వైపు ఉంటాయి. లోపల పడుకున్నవాళ్లు దాన్ని తెరవలేరు. వంటింటి వైపు మంటలొస్తే గ్యారేజీలోని ఇద్దరికీ దారి ఆ కిటికీ ఒక్కటే. మడిచిన బెంచి పై అంచు కిటికీ చట్రానికి అడ్డు రాకుండా చూశాను. వాళ్లిద్దరి చేతా ఆ ఎర్ర పిడిని ఒకసారి తిప్పించి, కిటికీ తెరిపించాను. ఆయనకి నవ్వొచ్చింది, ఆవిడకి రాలేదు.

విడి బెంచి కాళ్లకి నేలలో ఎల్-ట్రాక్ పట్టాలు రెండు వేశాను. విమానాల్లో సీట్లు బిగించే తరహా పట్టాలు. ఇక్కడ తొందరపడి డ్రిల్లు పెట్టకూడదు. నేల కింద నీళ్ల ట్యాంకు, పైపులు, వైర్లు పోతుంటాయి. కింద ప్లాస్టిక్ షీటు కప్పి ఉంటుంది కాబట్టి పైనుంచి ఏమీ తెలియదు. షీటు విప్పి, కింద పడుకుని టార్చి వేసి చూసి, చుక్క పెట్టుకున్నాకే పైనుంచి రంధ్రం. బండిని కట్టే డి-రింగుల్లో ఒకటి బెంచి కాలు కిందికి రాబోయింది, కాలిని అటు జరిపాను. సోఫా కోసం డి-రింగు మార్చడం నేను ఒప్పుకోను. అవి కంపెనీవాళ్లు చాసీకి బిగించినవి. రెండు అంగుళాల రాచెట్ పట్టీ 3,333 పౌండ్ల పనిభారానికి రేటు చేసి ఉన్నా, అది పట్టుకునేది రింగునే కదా.

ఫోమ్, పెట్రోలు

ఈ కేసులో నేను పట్టుబట్టింది దీని మీదే. దిండ్లు గ్యారేజీలో ప్రయాణించకూడదు. ఫోమ్ స్పాంజి, వాసనల్ని పీల్చుకుని దాచుకుంటుంది. నాలుగైదు గంటలు పెట్రోలు బండితో ఒకే గదిలో మూసి ఉంచితే, రాత్రి దాని మీద తల పెట్టుకునేవాళ్లు అదే పీల్చాలి. అందుకే రెండు బెంచీల దిండ్లూ వెల్‌క్రోతో ఊడొచ్చేలా కుట్టించాను. బయల్దేరే ముందు అవి ముందు బెడ్‌రూమ్ మంచం మీదికి వెళ్తాయి. దిగాక బండి బయటికి తీసి, ర్యాంపు, కిటికీలు తెరిచి, గ్యారేజీని బాగా ఆరనిచ్చి, నేల మీద కారిన చుక్కలు తుడిచాకే దిండ్లు తిరిగి వస్తాయి.

"రాత్రి వాన పడితే బండి లోపల పెట్టుకుని, మేం డైనింగ్ వైపు సర్దుకోవచ్చు కదా?" అని అడిగాడు. మధ్య గోడ లేదని ముందే చెప్పాను కదా. గ్యారేజీ గాలే వంటింటి గాలి, అదే పిల్లలు పడుకునే చోటి గాలి. బండి లోపలుంటే స్టవ్ వెలిగించొద్దని, అక్కడ పడుకోవద్దని గోడ మీద కంపెనీ అంటించిన హెచ్చరిక స్టిక్కరు కూడా ఉంది. పాత యజమాని దాని మీద కుర్చీ ఆనించి సగం చింపాడు. వానకి బండి తడవనీ, కవరు కప్పండి అన్నాను. లోపల ఇంజను నడిపించడమైతే అసలే వద్దు. ర్యాంపు ఎక్కించగానే ఆపేయాలి.

గ్యాస్ లీకైతే మోగే పాత ప్రొపేన్ డిటెక్టరు గడువు అయిపోయింది, మార్చాను. ఇవి అయిదేళ్లకో ఏడేళ్లకో మార్చాల్సినవి, వెనక తేదీ ఉంటుంది. కొత్తది పెట్టిన మర్నాడే కుయ్యోమంది. గ్యాస్ లీకు లేదు. కొత్త ఫోమ్, జిగురు వాసనకి కూడా అవి మోగుతాయి. ఇలాంటప్పుడే చాలామంది ఫ్యూజు పీకేస్తారు. ముందు లీకు లేదని తేల్చుకుని, దిండ్లను రెండు మూడు రోజులు ఇంటి గ్యారేజీలో ఆరేయించాను. ఆ తర్వాత మోగలేదు. డిటెక్టరు నేలకు దగ్గరగా ఉంటుంది, దాని ముందు దిండు ఆనించి పెట్టొద్దని పిల్లలకి కూడా చెప్పాను. వాళ్లే గుర్తుపెట్టుకున్నారు.

పై గుడ్డ విషయంలో తోలులా కనిపించే చవక రెక్సిన్ వద్దన్నాను. టెక్సస్ ఎండలో మూసిన క్యాంపర్‌లో అది రెండు మూడేళ్లకే పొట్టు లేస్తుంది. పడవల్లో వాడే మెరైన్ వినైల్ వేశాం. తడిగుడ్డతో తుడిస్తే ఇసుక పోతుంది. కాకపోతే వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. దానికి పెద్దావిడ దగ్గర మందుంది. పాత నూలు చీరలతో కుట్టిన బొంత ఊరి నుంచి తెచ్చుకున్నారు. అది పరిచాక దిండ్ల మధ్య అతుకులు కూడా వీపుకి తెలియడం లేదట. ఫోమ్ మీద ఇంకో ఫోమ్ కొనమని నేను చెప్పబోయి ఊరుకున్నాను.

వాడాక

గోడ బెంచి, దిండ్లు పోను, 75 పౌండ్లు. ప్రయాణంలో గ్యారేజీలో ఉండేది అంతే. అది ముక్కు మీద 20 పౌండ్లు తగ్గిస్తుంది. అసలు మార్పు వచ్చింది సోఫాతో కాదు, టూల్ బాక్సుతో. గ్యారేజీ చివర అరలో 150 పౌండ్ల టూల్స్, జాకీ, గొలుసులు పెట్టుకున్నారు. ఇరుసులకి ఏడడుగులు వెనక. వాటిని ముందున్న బయటి డిక్కీలోకి, ఇరుసులకి 14 అడుగులు ముందుకి మార్చాం. 21 అడుగులు జరిగాయి కాబట్టి ముక్కు మీద 175 పౌండ్లు పెరిగాయి. మళ్లీ తూకం వేస్తే మొత్తం 8,880, టంగ్ 980. 11 శాతం. బండి లేకుండా వెళ్లినప్పుడు ముక్కు దాదాపు 1,400కి చేరుతుంది. వాళ్ల హిచ్ 1,500కి రేటు చేసింది కాబట్టి పర్వాలేదు. ఇంకా చిన్న హిచ్ అయితే అలాంటప్పుడు టూల్స్ వెనక్కి మార్చాల్సి వచ్చేది.

మొదటిసారి వెళ్లొచ్చాక ట్రైలర్ నిలకడగా వచ్చిందని ఆయన ఫోన్ చేశాడు. మంచం గురించి ఫిర్యాదులు ఆవిడ చెప్పింది. మధ్య పలక, అరంగుళం ప్లైవుడ్, 35 అంగుళాల ఖాళీ మీద ఇద్దరి బరువుకి కిందికి వంగుతోంది. దాని కింద రెండు అల్యూమినియం యాంగిళ్లు వేశాను, వంగడం ఆగింది. ఎల్-ట్రాక్ గాడిలో ఇసుక చేరి కాలు దిగడం లేదన్నారు. లిటిల్ సహారా ఇసుక అంత సన్నం. బెంచి తీసినప్పుడల్లా గాడికి రబ్బరు పట్టీ మూత పెట్టుకోమన్నాను. వెల్‌క్రోలో ఇసుకకి మాత్రం నా దగ్గర మందు లేదు, పళ్ల బ్రష్షుతో దులుపుకోవడమే. నవంబరులో వెళ్లినప్పుడు తెల్లారేసరికి దిండ్ల కింద చెమ్మ పట్టింది. ర్యాంపు తలుపు పల్చన, రబ్బరు సీళ్ల దగ్గర చలి వస్తుంది, మనిషి వేడికి కింద నీరు పడుతుంది. పలకకి గాలి ఆడే రంధ్రాలు కొట్టి, పొద్దున లేవగానే దిండ్లు నిలబెట్టమని చెప్పాను.

పెద్దాయన గ్యారేజీలోకి ర్యాంపు మీదుగా ఎక్కబోయి ఒకసారి తూలారట. ర్యాంపు వాలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాదు. పక్క తలుపు మెట్లకి పొడవాటి పిడి ఒకటి బిగించాను. బెంచి ఎత్తు దిండుతో కలిపి 19 అంగుళాలు. అక్కడి నుంచి లేవడం ఆయనకి ఇంట్లో సోఫా కన్నా తేలికగా ఉందన్నారు.

ఇప్పుడు ఆయన మనసు నాలుగు సీట్ల బండి మీద పడింది. పిల్లలిద్దరూ ఒకేసారి ఎక్కొచ్చు కదా అని. అదే కంపెనీ నాలుగు సీట్ల మోడల్ పొడవు 146 అంగుళాలు, గ్యారేజీ 156. వెడల్పు అంతే కాబట్టి బెంచీలకి ఇబ్బంది లేదు. బరువు మాత్రం ఇప్పటి దాని కన్నా 200 పౌండ్లకు పైనే ఎక్కువ, అదంతా ఇరుసుల వెనకే. కాగితం మీద లెక్కేస్తే ముక్కు మళ్లీ పది శాతం అంచుకి వస్తోంది. బండి కొనేముందు డీలరు దగ్గర దాని అసలు బరువు కనుక్కుని నాకు పంపమన్నాను. ఆ అంకె వస్తే ముందుకి జరపడానికి ఇంకేం మిగిలిందో చూడాలి.